తప్పు తెలిసిన గడియారం

మాక్లూర్‌లో మా ఇంటి మేడ మీద, నీళ్ళ ట్యాంకు పక్కన, బోర్లించిన గిన్నెను పోలిన తెల్లని వస్తువొకటి ఇనుప గొట్టానికి బిగించి ఉన్నది. దాని నుండి ఒక తీగ మెట్ల గది గోడ వెంట దిగి, బీరువా పక్కనున్న పెట్టెలోనికి చేరుతుంది. మా పెద్దబాపు దానిని మొదటిసారి చూసినప్పుడు, "గా గిన్నె దేనికిరా? టీవీ గిట్ట అస్తదా?" అని అడిగాడు. టీవీ రాదు, టైము వస్తుందని చెప్పాను. ఆయన కొంతసేపు ఆ గిన్నె వంక చూసి, "గోడకు గడియారం ఉన్నది గద" అన్నాడు.

పెద్దబాపు యౌవనమంతా బోధన్‌లో గడిచింది. 1937లో మొదలైన నిజాం చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసినవాడు. శక్కర్‌నగర్‌లో కూత వినిపిస్తే షిఫ్టు మారినట్లు, పొయ్యి మీద ఎసరు పెట్టవలసిన వేళ అయినట్లు. ఆ ఫ్యాక్టరీ 2015లో మూతపడింది. కూత సంగతి ఎత్తితే ఆయన కళ్ళు ఇప్పటికీ మెరుస్తాయి. అందుకే ఆయన తరువాత అడిగిన మాట నాకు గుర్తుండిపోయింది: "మేమంత కూతను జూసి గడియారాలు దిద్దుకుంటుంటిమి. మరి కూతే తప్పు వడ్తె ఎవ్వలకు తెలుస్తది?"

నా వద్దనున్న ఆ పెట్టె పుట్టుకే ఆ ప్రశ్నకు సమాధానం. కాని దానిని గురించి చెప్పే ముందు, ఇటువంటి పిచ్చి మన తెలుగునాట నాతో మొదలు కాలేదని చెప్పవలసి ఉన్నది. ఉద్యోగధర్మంగా కాక, కేవలం ఇష్టంతో, సొంత ఖర్చుతో, సరియైన కాలాన్ని ఇంట్లో నిలుపుకోవాలని చూసినవారు మనకు నూట ఎనభై ఏళ్ళ క్రితమే ఉన్నారు. వారు పడిన పాట్లకూ నా పాట్లకూ ఉన్న పోలికే ఈ టపా వ్రాయించింది.

"గడియారం" అన్న మాటలోనే గడియ ఉన్నది. రోజుకు అరవై గడియలు, గడియకు ఇరవై నాలుగు నిమిషాలు. అడుగున సన్నని రంధ్రం చేసిన రాగిగిన్నెను నీటి తొట్టిలో విడిచిపెడితే, అది నిండి మునిగేందుకు పట్టే కాలమే గడియ. సూర్యసిద్ధాంతం ఈ యంత్రాన్ని కపాలకమని పిలిచింది. పగలూ రాత్రీ కలిసి అరవై మార్లు మునగాలని కొలత చెబుతూ, తొట్టిలోని నీరు నిర్మలంగా ఉండాలని కూడ చెప్పింది. చదివినప్పుడు ఆ ఒక్క విశేషణం దగ్గర నేను ఆగిపోయాను. యంత్రం చేయడమెట్లో చెప్పేవారు ఎందరో ఉంటారు. దానిని కాపాడుకోవడమెట్లో చెప్పేవారు తక్కువ. నీటిలో నలుసు ఉంటే రంధ్రం మూసుకొని గడియ సాగిపోతుంది, రంధ్రం అరిగితే గడియ కుంచించుకుపోతుంది. గిన్నెను గమనించేవాడు కునుకు తీస్తే ఇక చెప్పనే అక్కరలేదు.

మా ప్రాంతానికి గడియారపు కాలం రైలుతో వచ్చింది. పందొమ్మిదో శతాబ్దం ముగిసి ఇరవయ్యోది మొదలవుతున్న వేళ, సికింద్రాబాదు నుండి మన్మాడు వరకు వేసిన మీటరుగేజి దారి ఇందూరు మీదుగా పోయింది. ఇందూరు పేరు నిజామాబాదుగా మారింది ఆ తరువాతనే. ఆనాడు భారతదేశపు రైళ్ళు మద్రాసు వేధశాల కాలాన్ని పాటించేవి. మద్రాసు మనకు తూర్పున ఉన్నది కనుక అక్కడ సూర్యుడు ముందుగా నడినెత్తికి వస్తాడు. లెక్క వేసి చూడండి: రేఖాంశంలో ఒక డిగ్రీకి నాలుగు నిమిషాలు. ఇందూరు స్టేషను గడియారం ఇందూరు ఎండ కంటె ఎనిమిది నిమిషాలకు పైగా ముందు నడిచి ఉండాలి. పొద్దును చూసి బండికి బయలుదేరిన రైతుకు ఎనిమిది నిమిషాలంటే బండి తప్పిపోయినట్లే. 1906లో భారత ప్రామాణిక కాలం వచ్చాక ఆ తేడా ఇంకా పెరిగింది. ఇప్పుడు మాక్లూర్‌లో గడియారం పన్నెండు కొట్టిన సుమారు పదిహేడు నిమిషాల తరువాత గాని, సగటు లెక్కన, మధ్యాహ్నం కాదు. విశాఖపట్నంలో దీనికి విరుద్ధం. అక్కడ సూర్యుడే గడియారం కంటె మూడు నిమిషాలు ముందుంటాడు.

విశాఖ పేరు ఊరకే తీయలేదు. మన కథానాయకుడు అక్కడివాడే.

గోడే వెంకట జగ్గారావు 1817లో, విశాఖపట్నపు జమీందారీ కుటుంబంలో జన్మించాడు. పదహారేళ్ళ వయసు నుండి కొన్నేళ్ళు మద్రాసు వేధశాలలో టి. జి. టేలర్ వద్ద ఖగోళశాస్త్రం అభ్యసించాడు. ఆ వయసు జమీందారు బిడ్డలు ఏమి చేసేవారో ఊహించుకోవచ్చు. ఈయన మాత్రం నక్షత్రాల వెంట పడ్డాడు. 1840లో విశాఖలో తన నివాసం వద్దనే సొంత వేధశాల కట్టించుకొన్నాడు. ఆ చోటు నేడు డాబా గార్డెన్స్. దుకాణాల రద్దీలో అక్కడ నిలుచున్నవారెవరికీ ఒకనాడు ఇచ్చట రాత్రంతా ఒక మనిషి తీగెల మీదుగా జారిపోయే చుక్కల కోసం కన్నార్పక కూర్చున్నాడన్న తలపు రాదు.

తీగెలంటే ఏమిటో చెబుతాను. ఆనాటి వేధశాలలో కాలాన్ని పట్టే పరికరం ట్రాన్సిట్ దూరదర్శిని. అది అన్ని వైపులకూ తిరగదు. సరిగ్గా ఉత్తర దక్షిణ రేఖ మీద మాత్రమే పైకీ కిందికీ కదులుతుంది. కంటి వద్ద నిలువుగా సన్నని దారాలు ఉంటాయి. వాటికి తరచు సాలీడు పట్టునే వాడేవారు. ఫలానా నక్షత్రం ఆ రేఖను ఏ క్షణాన దాటుతుందో పట్టికలో ఉంటుంది. పరిశీలకుడు చుక్కను కంటితో చూస్తూ, పక్కనున్న గడియారపు టిక్కును చెవితో వింటూ, రెండు టిక్కుల నడుమ చుక్క ఎక్కడ దారాన్ని దాటిందో సెకనులో పదవ వంతు వరకు అంచనా కట్టి వ్రాసుకొంటాడు. పట్టికలోని కాలానికీ గడియారం చూపిన కాలానికీ ఉన్న తేడాయే గడియారపు తప్పు.

ఇక్కడే నన్ను ఆకట్టుకొన్న విషయమున్నది. తప్పు తెలిసింది గదా అని వారు వెంటనే గడియారపు ముల్లు తిప్పేవారు కారు. ముట్టుకొంటే దాని నడక చెడుతుంది. ఈ రోజు ఇంత తప్పు, నిన్న ఇంత, మొన్న ఇంత అని పుస్తకంలో వ్రాసి, దాని నుండి రోజువారీ నడకను లెక్కగట్టేవారు. పన్నెండు సెకన్లు వెనుకబడిన గడియారం చెడ్డది కాదు. రోజుకు సరిగ్గా ఒక సెకను చొప్పున వెనుకబడుతూ పోయేది ఉత్తమమైన గడియారం. నిన్న ఒకటి, నేడు మూడు, రేపు సున్న అన్నట్లు నడిచేదే పనికిరానిది, ఒక్కోసారి సరియైన వేళ చూపినా సరే. అంటే వేధశాలలో నిజమైన గడియారం గోడకు వేలాడేది కాదు, దాని పక్కనున్న పుస్తకం.

ఈ పుస్తకం విలువ వానకాలంలో తెలుస్తుంది. వారం రోజులు మబ్బు వీడకపోతే నక్షత్రం కనిపించదు. అప్పుడు పాత నడకను నమ్ముకొని లెక్కతో కాలం చెప్పవలసిందే. ఆ నడక ఎండకూ చలికీ మారుతుంది. ఉక్కు కడ్డీతో చేసిన లోలకం ఒక్క సెంటిగ్రేడు డిగ్రీ వేడి పెరిగితే సాగి, రోజుకు సుమారు అర సెకను వెనుకబడుతుంది. ఇరవై డిగ్రీలు మారితే పది సెకన్లు. పాదరసపు గొట్టాన్ని లోలకానికి తగిలించి ఈ దోషాన్ని సరిచేసే ఉపాయాన్ని లండనులో జార్జి గ్రాహం 1721లోనే కనిపెట్టాడు గాని, ఉప్పుగాలి విషయంలో ఏ ఉపాయమూ అంత తేలిక కాదు. సముద్రం పక్కనున్న ఊరిలో ఇత్తడీ ఉక్కూ ఉన్న సున్నితమైన యంత్రాలను నిలబెట్టుకోవడమంటే నిత్యం నూనె గుడ్డతో తుడుచుకొంటూ ఉండడమే.

ఇదంతా తన ఉబలాటానికే అయితే జగ్గారావును ఒక విలాసవంతుడని సరిపెట్టుకోవచ్చును. అట్లా కాదు. డాల్ఫిన్స్ నోస్ కొండ మీద ఆయన నెలకొల్పిన ధ్వజస్తంభం ద్వారా రేవులోని ఓడలకూ పట్టణానికీ వేళ తెలిసేది. సముద్రంలో రేఖాంశం కట్టేది ఓడలోని క్రోనోమీటరును బట్టి. దాని తప్పు నాలుగు సెకన్లయితే, భూమధ్యరేఖ దగ్గర ఓడ తానున్న చోటును ఒక నాటికల్ మైలు తప్పుగా లెక్కించుకొంటుంది. ఆ నౌకలు విశాఖ రేవులో తమ గడియారాన్ని ఒక తెలుగు జమీందారు ఇంటి లెక్కతో సరిచూసుకొన్నాయన్న సంగతి మన పాఠ్యపుస్తకాలలో ఎక్కడా నేను చూడలేదు.

1856లో జగ్గారావు మరణించాడు. నలభై ఏళ్ళయినా నిండలేదు. ఇటువంటి సొంత వేధశాలలు సాధారణంగా యజమానితోనే ముగుస్తాయి. ఇది ముగియలేదు. అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దానిని చేపట్టి, తాను చనిపోయిన 1892 దాకా, ముప్పై ఆరేళ్ళు నడిపాడు. మామగారి కంటె అల్లుడే ఎక్కువ కాలం కాపాడాడన్నమాట. ఆయన బుధ, శుక్ర గ్రహాలు సూర్యబింబం మీదుగా దాటిపోవడాన్ని పరిశీలించి లండనులోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీకి వ్రాశాడు, దానిలో సభ్యుడయ్యాడు.

1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబాన్ని దాటాడు. ఆ రోజు ప్రపంచమంతటా ఖగోళశాస్త్రవేత్తలు కాచుకొని ఉన్నారు. భూమికి సూర్యునికి ఉన్న దూరం తేల్చడానికి అదొక మార్గం, దానికి కావలసిందల్లా శుక్రుని అంచు సూర్యుని అంచును తాకిన క్షణం. తాకే వేళ నల్లని బొట్టు సాగినట్లు కనిపించి ఆ క్షణం కంటికి సరిగ్గా చిక్కదు. పెద్ద పెద్ద ప్రభుత్వ బృందాలు కూడ దానితో తికమకపడ్డాయి. కన్ను తబ్బిబ్బయినప్పుడు కనీసం గడియారం నిక్కచ్చిగా ఉండాలి. నరసింగరావు తన కాలాలను విశాఖ నుండి పంపగలిగాడంటే, దానికి వెనుక ఏళ్ళ తరబడి రాత్రి రాత్రీ నింపిన పట్టిక ఉన్నది. అటువంటి సంఘటనకు ముందు రోజు గడియారం కొని తెచ్చుకొంటే పనిజరగదు.

ఆయన పోయిన తరువాత భార్య, అంటే జగ్గారావు కుమార్తె, 1894లో వేధశాలను మద్రాసు ప్రభుత్వానికి అప్పగించింది. తండ్రి కట్టినది, భర్త నిలిపినది తనతో పోరాదని ఆమె తలచి ఉంటుంది. ఇరవయ్యో శతాబ్దంలో అది క్రమంగా కనుమరుగైపోయింది. పరికరాలు పోయాయి. నరసింగరావు అచ్చులో పెట్టిన కాలాలు మాత్రం ఆ సొసైటీ పత్రికల పాత సంపుటాలలో నేటికీ చదువుకోవచ్చు.

హైదరాబాదులోనూ ఇంచుమించు ఇదే కథ, కొంచెం మెరుగైన ముగింపుతో. నవాబు జఫర్ జంగ్ 1901లో పదిహేను అంగుళాల గ్రబ్ దూరదర్శినిని తెప్పించి ఫీసల్‌బండలో వేధశాల పెట్టాడు. దానికి నిజాం పేరు పెట్టుకోవడంలో ఆయన దూరాలోచన ఉన్నదని నా అనుమానం. 1907లో ఆయన మరణించగా, 1908లో నిజాం ప్రభుత్వం దానిని స్వీకరించి బేగంపేటకు మార్చింది, 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయానికి అప్పగించింది. ఆకాశపటాన్ని ఫోటోలు తీసే ప్రపంచ పథకంలో దక్షిణాన 17 నుండి 23 డిగ్రీల పట్టీ ఈ వేధశాల వంతుకు వచ్చింది. పలకను వెలుగుకు తెరచినంతసేపూ దూరదర్శిని భూభ్రమణానికి సరిసమానంగా తిరగాలి. అదీ గడియారపు పనియే.

ఇక మా మేడ మీది గిన్నెకు వద్దాం. అది జీపీఎస్ యాంటెన్నా. ప్రతి ఉపగ్రహంలో పరమాణు గడియారాలున్నాయి. కింది పెట్టెలోని రిసీవరు వాటి సంకేతాల నుండి సెకనుకొక స్పందన తీస్తుంది. ఆ స్పందన సగటున మిక్కిలి నిజాయితీ గలది గాని, ఏ ఒక్క సెకనుకా సెకను చూస్తే కొంచెం అటూ ఇటూ తొట్రుపడుతుంది. దాని పక్కన వెచ్చని అరలో పెట్టిన క్వార్ట్జ్ స్ఫటికం సెకనుకు సరిగ్గా కోటి మార్లు కంపిస్తుంది. ఇది క్షణక్షణానికి నిలకడైనది గాని రోజులు గడిచేకొద్దీ వయసుతో పక్కదారి పడుతుంది. పెట్టె చేసే పనల్లా మొదటిదాన్ని చూసి రెండవదాన్ని మెల్లగా దారిలో పెట్టడం. పాతబడిన సెల్ టవరు సామాను నుండి ఇటువంటివి చవకగా దొరికేవి. నేను కొన్నదీ అటువంటిదే. నక్షత్రం స్థానంలో ఉపగ్రహం, లోలకం స్థానంలో స్ఫటికం. జగ్గారావు వచ్చి చూస్తే ఐదు నిమిషాలలో అర్థం చేసుకొని ఉండేవాడు.

తేడా అంతా కొలతలో ఉన్నది. ఆయన సెకనులో పదవ వంతు పట్టుకొన్నాడు. నేను నానోసెకన్లతో, అంటే సెకనులో వంద కోట్ల వంతులతో, వేగుతున్నాను. ఒక నానోసెకనులో వెలుగు సుమారు ఒక అడుగు పోతుంది. మేడ నుండి దిగే ఇరవై మీటర్ల తీగలోనే సంకేతం వంద నానోసెకన్లు ఆలస్యమవుతుంది. తీగను ముక్క కోసి అతికితే లెక్క మళ్ళీ వేసుకోవాలి.

ఇంత సున్నితమైనదానికి శత్రువులు మాత్రం అతి మోటువి. తీగ కలిసే చోట వాననీరు దిగుతుంది. అక్కడ సాగే రబ్బరు టేపు చుట్టి, కింద తీగకు ఒక వంపు ఇస్తే చుక్క అక్కడనే రాలిపోతుంది. గిన్నె కింద కందిరీగలు గూడు కడతాయి. కోతులు గొట్టం పట్టుకొని ఊగుతాయి. వాటికి నేనింకా ఉపాయం కనిపెట్టలేదు. చెరకు, పసుపు తోటలకు మోటార్లు నడిచే కాలంలో ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే రెండు మూడు రోజులు కరెంటు ఉండదు. స్ఫటికపు అర చల్లబడితే, మళ్ళీ వేడెక్కి పాత నడకకు రావడానికి ఒక్కోసారి వారాలు పడుతుంది. కనుక బ్యాటరీ తప్పదు. బ్యాటరీలో నెలకోసారి డిస్టిల్డ్ వాటర్ చూసుకోవాలి. కుళాయి నీరు పోస్తే పలకలు పాడవుతాయి. కపాలకపు తొట్టి నాటి నుండి గడియారానికి నిర్మలమైన నీరే కావలసివచ్చింది.

అన్నింటికంటె పెద్దది పిడుగు. ఒక జూన్ సాయంత్రం మా ఇంటి వెనుక వేపచెట్టు మీద పిడుగు పడ్డది. గిన్నె మీద పడలేదు. అయినా ఆ విసురుకు తీగలో పుట్టిన విద్యుత్తు చాలింది: యాంటెన్నాలోని చిన్న యాంప్లిఫయరు, రిసీవరు ముఖభాగం రెండూ పోయాయి. తప్పు నాదే. తీగ ఇంట్లోకి వచ్చే చోట గ్యాస్ ట్యూబు అరెస్టరు పెట్టి, దానిని ఇంటి ఎర్తుతోనే కలపవలసి ఉండగా, రేపు చేద్దాం లెమ్మని వాయిదా వేశాను. వేరుగా ఇంకొక ఎర్తు గుంత తవ్వి ఊరుకోవడం కూడ ప్రమాదమే. రెండు ఎర్తుల నడుమ తేడా ఏర్పడి ఆ విద్యుత్తు పెట్టె గుండానే పారుతుంది. అవన్నీ ఇప్పుడు సరిచేశాను. అయినా ఉరుములు మొదలైతే తీగ పీకేస్తాను.

తీగ పీకిన రాత్రి నా పెట్టెకు ఉపగ్రహాలు కనిపించవు. విశాఖలో మబ్బు పట్టినట్లే. స్ఫటికం ఒంటరిగా తన పాత నడకతో నడుస్తుంది, రోజుకు కొన్ని మైక్రోసెకన్ల చొప్పున తప్పుతుంది. ఎంత తప్పిందో చెప్పాలంటే దాని గత చరిత్ర కావాలి. పిడుగు పడ్డ మరుసటి వారం నాకు తెలిసి వచ్చింది: నా వద్ద ఆ చరిత్ర లేదు. కొత్త రిసీవరు పెట్టాక స్ఫటికాన్ని దారిలో పెట్టే వోల్టేజి మునుపటి కంటె ఎక్కువగా ఉన్నట్లు తోచింది. అది పిడుగు దెబ్బయా, వయసు వల్ల సహజంగా వచ్చినదా? మూడేళ్ళుగా ప్రతిదినం ఆ అంకెను చూసి కూడ ఎక్కడా వ్రాసిపెట్టుకోలేదు. రెండు వందల రూపాయల పుస్తకం కొనని లోపానికి వేల రూపాయల పెట్టెను నమ్మలేని స్థితి వచ్చింది.

ఆకాశమే మోసం చేసిన సందర్భాలూ ఉన్నాయి. 2000 మే 2 వరకు అమెరికా ప్రభుత్వం పౌరుల సంకేతంలో కావాలనే తప్పు కలిపేది. జీపీఎస్ వారాల లెక్క 1024 వరకే సాగి మళ్ళీ సున్న నుండి మొదలవుతుంది. 1999 ఆగస్టులో, 2019 ఏప్రిల్‌లో అట్లా జరిగింది. పాత రిసీవర్లు కొన్ని పందొమ్మిదేళ్ళు వెనుకకు పోయాయి. సెకను మాత్రం సరిగ్గానే కొడుతుంది, సంవత్సరమే తప్పు! 2016 జనవరి 26న, మనం జెండా పండుగ చేసుకొంటున్న రోజున, పాత ఉపగ్రహమొకదానిని తొలగించే క్రమంలో జీపీఎస్ ప్రసారంలో పదమూడు మైక్రోసెకన్ల తప్పు చొరబడి పలు దేశాలలో టెలికాం పరికరాలు గగ్గోలు పెట్టాయి. మన సొంత వ్యవస్థలోనూ, 2013లో ఎగిరిన తొలి నావిక్ ఉపగ్రహంలోని మూడు రుబీడియం గడియారాలు ఒకటి వెంట ఒకటి ఆగిపోయాయి. దేశీయ రుబీడియం గడియారంతో ఎన్‌వీఎస్-01 శ్రీహరికోట నుండి బయలుదేరింది 2023 మే 29న.

కూతే తప్పు పడితే ఎవరికి తెలుస్తుందని పెద్దబాపు అడిగాడు. ఇప్పుడు మా బీరువా పక్కన రూళ్ళ పుస్తకమొకటి ఉన్నది. తేదీ, వోల్టేజి, గది వేడి, కనిపించిన ఉపగ్రహాలు, తీగ పీకిన వేళ, మళ్ళీ పెట్టిన వేళ. మొన్న నేను వారం రోజులు ఊళ్ళో లేనప్పుడు పెద్దబాపే అంకెలు చూసి వ్రాశాడు. ఒక గడి ఖాళీగా ఉంటే ఏమిటని అడిగాను. "ఆ దినం మొగులు వట్టి ఉరిమింది, తీగ గుంజిన. మల్ల పెట్టుడు యాదిమర్చిన" అన్నాడు. ఖాళీ గడిలో ఆ మాటే వ్రాసిపెట్టాను.